కరెంటు ఎలుకపెట్టె: కొనే ముందు చూడవలసింది లోపలి పలకలు

శ్రీకాకుళం జిల్లాలో ఖరీఫ్ వరి కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యం ఇళ్లకు చేరే రోజుల్లో ఎలుకల బెడద హెచ్చుతుందన్నది గింజ నిల్వ చేసుకునే ప్రతి ఇంటికీ అనుభవమే. పొలంలో గింజ దొరకడం తగ్గి, చేలు బోసిపోయి దాగడానికి చాటు లేకపోయేసరికి అవి ఊరి వైపు మళ్లుతాయి. మా ఇల్లు పట్టణంలోనే ఉన్నా, మేడ మీది గదిలో ఏడాది తిండికి సరిపడా శ్రీకాకుళం సన్నాలు, పలాస నుంచి తెప్పించుకునే జీడిపప్పు, కందులు, చింతపండు నిల్వ ఉంటాయి కనుక మాకూ ఆ బాధ తప్పలేదు. ఎలుక తినే గింజ కొంచెమే. మూత్రంతో, పెంటికలతో పాడుచేసే గింజ, కొరికి చింపే సంచులు అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. దాని ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి గనుక వాటిని అరగదీసుకోవడానికి తిండికి పనికిరాని వస్తువులను కూడా కొరుకుతుంది. మా ఇన్వర్టరు తీగ తొడుగు, మా మామగారు పెట్టెలో దాచుకున్న పొందూరు ఖద్దరు పంచె అంచు అలా పోయినవే.

ఈ బాధ పడలేక మేము రెండు ఎలక్ట్రానిక్ ఎలుకపెట్టెలు కొన్నాము. ఇక్కడ అందరూ వీటిని కరెంటు పెట్టెలనే అంటారు గాని, మేము కొన్నవి గోడ ప్లగ్గుతో సంబంధం లేకుండా సెల్లులతో పనిచేసేవి. చిన్నది నాలుగు పెన్సిల్ సెల్లులతో నడిచే చిట్టెలుకల పెట్టె. పెద్దది నాలుగు లావుపాటి టార్చిలైటు సెల్లులతో నడిచే పెద్ద ఎలుకల పెట్టె. కంపెనీల పేర్లు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే మంచిచెడులు వాటి నిర్మాణానికి సంబంధించినవి, అదే నిర్మాణం బజారులో వేరువేరు పేర్లతో అమ్ముడవుతోంది. అట్టపెట్టె మీద ఎన్ని వేల వోల్టులన్నది పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. ఒక ఎలుక చచ్చిన తర్వాత లోపలి భాగాన్ని ఎలా శుభ్రం చేయాలన్నది మాత్రం ఎక్కడో మూలన ఒక్క వాక్యంలో ఉంటుంది, లేదా అసలు ఉండదు. రెండింటినీ వాడిన తర్వాత నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, శుభ్రం చేయడానికి వీలులేని పెట్టె ఎంత బలమైనదైనా కొంతకాలానికి ఖాళీ డబ్బాగా మిగులుతుంది.

అందుకు కారణం అది పనిచేసే తీరులోనే ఉంది. సొరంగంలాంటి ప్లాస్టిక్ పెట్టె అడుగున రెండు లేక మూడు లోహపు పలకలు కొద్దిపాటి ఎడంతో అమర్చి ఉంటాయి. చివరన ఎర పెట్టే చోటు, గాలి ఆడి వాసన బయటకు రావడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. ఎలుక ఎర కోసం లోపలికి నడిచి, ముందుకాళ్లు ఒక పలక మీద, వెనుకకాళ్లు మరొక పలక మీద ఉంచగానే దాని శరీరమే తీగలా మారి వలయం పూర్తవుతుంది. ఆ మార్పును పెట్టెలోని సర్క్యూట్ గుర్తించి, సెల్లుల 6 వోల్టులను వేల వోల్టులకు పెంచి, చాలా రకాల పెట్టెల్లో సుమారు 2 నిమిషాల పాటు షాక్ ఇస్తూ ఉంటుంది. గుండె, శ్వాస కొద్ది క్షణాల్లో ఆగిపోతాయి. ఆ తర్వాత ఆకుపచ్చ దీపం మినుకుమినుకుమంటూ లోపల ఎలుక ఉందని తెలియజేస్తుంది. సెల్లులు నీరసిస్తే ఎర్రదీపం వెలుగుతుంది. అంటే ఈ యంత్రం మొత్తం ఆ పలకలకూ ఎలుక పాదాలకూ మధ్య జరిగే తాకిడి మీదనే ఆధారపడి ఉంది. పలక మీద ఎండిన మూత్రపు పొర, జిడ్డు, వెంట్రుకలు ఉంటే తాకిడి సరిగా జరగదు. పలకల మధ్య తడి ఉంటే ఎలుక లేకుండానే వలయం పూర్తయి, పెట్టె ఊరికే షాక్ ఇచ్చి, సెల్లులు వృథా అవుతాయి.

మా ఇంట్లో ఈ పెట్టె కొనడానికి ముందు పెద్ద చర్చే జరిగింది. వినాయకుడి వాహనాన్ని చంపడం ఏమిటని మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. ఇనుప బోనులో పట్టి నాగావళి అవతల వదిలిరావడమే ఆవిడ ఎరిగిన పద్ధతి. ఆ మాటను నేను గౌరవిస్తాను, ఇప్పటికీ పందికొక్కు విషయంలో మా ఇంట్లో ఆ బోనే వాడతాము. కాని వదిలిన ఎలుక మరొకరి ఇంటికో, మరొకరి చేలోకో చేరుతుంది. కొత్త చోట తిండీ చాటూ దొరకక చాలావరకు చస్తుంది కూడా. ఇక విషం సంగతి. పసుపు భాస్వరం కలిసిన పేస్టు మనిషి కడుపులోకి పోతే కాలేయాన్ని నాశనం చేస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో దానిని తెచ్చిపెట్టడానికి నా మనసు ఎన్నడూ ఒప్పలేదు. బ్రోమాడియోలోన్ బిళ్లలు తిన్న ఎలుక రక్తం గడ్డకట్టక కొన్ని రోజుల తర్వాత చస్తుంది, అదీ అటక మీదో, గోడ సందులోనో చస్తుంది. ఆ కంపు భరించిన వారికి వేరే చెప్పనక్కరలేదు. జిగురు అట్టల మీద అతుక్కున్న ఎలుక గంటల తరబడి కీచుమంటూ, తన చర్మం తానే చింపుకుంటూ ఉంటుంది. ఈ అట్టలు వద్దని భారత జంతు సంక్షేమ మండలి 2011లోనూ, మళ్లీ 2020లోనూ రాష్ట్రాలకు సూచించింది. చంపక తప్పనప్పుడు ఆ బాధ క్షణాల్లో ముగియాలన్న మాట మీద చివరికి మా అత్తగారూ నేనూ ఏకీభవించాము.

ఎలక్ట్రానిక్ అనే పేరుతోనే ప్లగ్గుకు తగిలించే అల్ట్రాసోనిక్ పరికరాలు కూడా అమ్ముతున్నారు, కొందరు రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు. అవి వేరు. మనకు వినబడని శబ్దంతో ఎలుకలను తరుముతామని చెప్పే ఆ పరికరాల తయారీదారులకు, అమ్మకందారులకు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో, శాస్త్రీయమైన ఆధారం లేకుండా అలాంటి ప్రకటనలు చేయవద్దని హెచ్చరిక లేఖలు పంపింది. ఆ శబ్దం గోడలను, బస్తాలను దాటిపోదు. ఎలుకలు దానికి త్వరగా అలవాటు పడతాయి. వాటి మీద డబ్బు పెట్టవద్దనే నా సలహా.

పెట్టెను ఎక్కడ ఉంచాలన్న దాని మీద ఫలితం సగానికి సగం ఆధారపడుతుంది. ఎలుక గది నడిమధ్యగా నడవదు. మీసాలు గోడకు తగులుతూ ఉండేలా అంచు వెంబడే పరుగెడుతుంది, రోజూ అదే దారిన వస్తుంది, ఆ దారిలో గోడ మీద నల్లని జిడ్డు చార పడుతుంది. మా మేడగదిలో బస్తాలకూ గోడకూ మధ్యనున్న జానెడు సందులో అలాంటి చార కనిపించింది. పెట్టె పొడవు గోడకు సమాంతరంగా, నోరు ఎలుక వచ్చే వైపుకు ఉండేలా అక్కడ ఉంచినప్పుడు చిట్టెలుకలు మొదటి రాత్రి నుంచే పడ్డాయి. అదే పెట్టెను వంటగది గట్టు మీద, కనబడేలా పెట్టినప్పుడు ఎర ఎండిపోయిందే గాని ఎలుక రాలేదు.

ఎర శనగగింజంత చాలు. వేయించిన వేరుశనగపప్పును మెత్తగా నూరి, నూనె తేలిన ముద్దను పుల్లతో చివరి గోడకు అంటించడం అన్నింటికంటే బాగా పనిచేసింది. గింజలు విడిగా వేస్తే ఎలుక ఒకటి నోట కరుచుకొని వెనక్కి జారుకోవచ్చు, ముద్దను మాత్రం నిలబడి నాకాలి. ముద్ద పలక మీద పడకూడదు. పడితే అక్కడ జిడ్డు పొర ఏర్పడుతుంది. బెల్లం పెడితే తెల్లారేసరికి చీమల బారు తప్పదు, ఆ చీమలు పలకల సందుల్లో చేరి చచ్చి పేరుకుంటాయి. ఎండు నెత్తళ్లు పెడితే ఎలుకల కంటే ముందు చుంచులు, అంటే చుంచెలుకలు, పడతాయి. చుంచు ముక్కు సాగి ఉండి, కంపు కొట్టే జీవి; పేరులో, ఆకారంలో ఎలుకను పోలినా అది ప్రధానంగా బొద్దింకలను, పురుగులను తిని బతుకుతుంది, ధాన్యం జోలికి పెద్దగా పోదు. దానిని చంపడం వల్ల మన ఇంటికి లాభం లేదు. అందుచేత చేప ఎరను నేను పూర్తిగా మానేశాను, ఈ పెట్టెలు వాడే వారందరూ మానాలని కోరుతున్నాను.

చిట్టెలుకకూ పెద్ద ఎలుకకూ స్వభావంలో ఉన్న తేడా ఈ పెట్టెల వద్ద స్పష్టంగా కనబడింది. చిట్టెలుక కొత్త వస్తువును వాసన చూడకుండా వదలదు. పెద్ద ఎలుక కొత్త వస్తువును చూసి రోజుల తరబడి చుట్టూ తిరిగి పోతుందే గాని లోపలికి అడుగు పెట్టదు. కనుక పెద్ద పెట్టెను మీట ఆపివేసి, ఎర మాత్రం పెట్టి కొన్ని రాత్రులు వదిలేయాలి. ఎర తిని వెళుతున్నదని రూఢి అయిన తర్వాత మీట వేయాలి. కొన్న రాత్రే ఫలితం రాలేదని పెట్టెను తిట్టేవారు ఈ మాట గమనించాలి. మరొకటి, చిట్టెలుకను పెద్ద పెట్టెలోనూ పట్టవచ్చు గాని, దాని శరీరం చిన్నది కనుక ఎడంగా ఉన్న పలకలను ఒకేసారి తాకకుండా తిరిగి వచ్చేసే వీలుంది. పెద్ద ఎలుకకు చిన్న పెట్టె పెడితే అది తలమాత్రం దూర్చి, షాక్ తగలగానే ఎగిరి బయటపడి, మరి ఆ దరికి రాదు. ఇంట్లో ఉన్నది ఏ ఎలుకో పెంటికలను బట్టి తెలుసుకొని కొనాలి: బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక, దానికి రెండు మూడింతలు ఉంటే పెద్దది.

ఇక శుభ్రం చేయడం. ఈ రెండు పెట్టెల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది.

చిన్న పెట్టెలో పలకలతో కూడిన లోపలి గది సొరుగులా విడివడి బయటకు వస్తుంది. సెల్లులు, సర్క్యూట్, దీపం పైభాగంలోనే ఉండిపోతాయి. ఈ అమరిక చూడటానికి చిన్న విషయమే గాని వాడకంలో దీనికి మించిన సౌకర్యం లేదు. షాక్ తగిలినప్పుడు ఎలుక మూత్రం, మలం వదులుతుంది. తెల్లవారి చూసేసరికి మూత్రం పలక మీద ఎండి, ఉప్పు పేరుకున్నట్లు తెల్లని అంచుతో మరకగా మిగిలి ఉంటుంది. పలక అంచులో, ప్లాస్టిక్‌ను కలిసే సన్నని గీతలో బూడిదరంగు నూగు నాలుగైదు పోగులు ఇరుక్కొని ఉంటాయి. పైనుంచి చూస్తే అవి కనబడవు, వెలుతురుకు ఎదురుగా ఏటవాలుగా పట్టుకుంటేనే కనబడతాయి. ఆ మరకను, ఆ పోగులను అలాగే వదిలి మళ్లీ ఎర పెడితే రెండు మూడు ఎలుకల తర్వాత పెట్టె మందగించడం మొదలవుతుంది. ఎర మాయమవుతుంది, దీపం వెలగదు. చాలామంది అప్పుడు సెల్లులు మారుస్తారు, అయినా లాభం ఉండదు.

నేను పాటించే పద్ధతి ఇది. ముందుగా మీట ఆపి, సెల్లులు కూడా తీసివేస్తాను. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఎలుక మూత్రంలో లెప్టోస్పైరా సూక్ష్మజీవులు ఉండవచ్చు, అవి చేతి మీది చిన్న గాటు గుండా కూడా ఒంట్లోకి ప్రవేశించగలవు. వానాకాలంలో మన ప్రాంతంలో ఎలుక జ్వరం అని పిలిచేది వాటివల్ల వచ్చేదే. ఎలుకను చేత్తో తాకకుండా, పెట్టెను పాత వార్తాపత్రిక మీదకు వంచి దులిపి, కాగితంతో సహా చుట్టి, ఒక పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టి, దానిని మరొక సంచిలో పెడతాను. పెరడు ఉన్నవారు సంచి లేకుండా, వీధికుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టవచ్చు. ఈ పని తెల్లవారగానే చేయాలి. చచ్చిన ఎలుక ఒళ్లు చల్లబడగానే దాని మీది గోమార్లు, పేలు మరొక వెచ్చని శరీరాన్ని వెతుక్కుంటూ బయలుదేరుతాయి. ఆలస్యం చేసేకొద్దీ ఇంట్లో అవి విడివడే అవకాశం పెరుగుతుంది. ఆకుపచ్చ దీపం పెట్టే లాభం ఇదే. అటక మీద ఉన్న పెట్టెను దించి మూత తెరిచి చూడనక్కరలేకుండా, కిందినుంచే సంగతి తెలుస్తుంది.

ఆ తర్వాత లోపలి గదిని విడదీసి, పనికిరాని మెత్తని పళ్లబ్రష్షును గోరువెచ్చని నీళ్లలో ముంచి, కాస్త సబ్బుతో పలకల మీది మరకను రుద్దాలి. స్టీలు పీచు, ఇసుక, బూడిద వాడకూడదు. వాటితో పలక మీది పూత గీసుకుపోయి, మన సముద్రపు గాలి తేమకు ఆ గీతల్లో తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన పలకకు విద్యుత్తు సరిగా అందదు. సబ్బు పోయేలా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చివరగా మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో దూది ముంచి పలకలను, అంచులను ఒకసారి తుడుస్తాను. స్పిరిట్ సూక్ష్మజీవులను చంపుతుంది, మిగిలిన తడినీ జిడ్డునీ తీసుకుపోతుంది. కరోనా నాటి నుంచి ఇంట్లో మిగిలి ఉన్న శానిటైజరును దాని బదులు వాడదామని కొందరు అనుకుంటారు, అది తగదు. దానిలో చేతుల కోసం కలిపిన గ్లిజరిన్ పలక మీద జిగట పొరలా ఉండిపోతుంది. స్పిరిట్ వాడినప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది: అది త్వరగా అంటుకునే పదార్థం, ఈ పెట్టెలో పుట్టేది నిప్పురవ్వలాంటి షాక్. కనుక స్పిరిట్ వాసన పూర్తిగా పోయేదాకా సెల్లులు వేయకూడదు. గదిని నీడలో, గాలి తగిలే చోట పూర్తిగా ఆరనివ్వాలి. లోపలి గది పైభాగాన్ని కలిసే చోట చిన్న లోహపు నాలుకలు ఉంటాయి, వాటిని కూడా పొడిగుడ్డతో తుడవడం మరువకూడదు. అక్కడ ఒక్క చుక్క నీరు నిలిచినా కొత్త సెల్లులు తెల్లవారేసరికి అయిపోతాయి.

పెద్ద పెట్టెకు ఈ సౌకర్యం లేదు. పలకలు, సర్క్యూట్, సెల్లుల అర అన్నీ ఒకే ముద్దగా బిగించి ఉన్నాయి. దానిని నీళ్లలో ముంచడానికి వీలులేదు, కుళాయి కింద పట్టడానికి అంతకంటే వీలులేదు. మూత తెరిస్తే మొదటి రెండు పలకలు చేతికి అందుతాయి. ఎలుక చచ్చేది, మూత్రం ఎక్కువగా చేరేది ఎర దగ్గర ఉన్న మూడో పలక మీద. అక్కడికి నా చేయి పోదు. కొబ్బరి ఈనెలు నాలుగు కలిపి కట్టి, కొసకు గుడ్డ చుట్టి, స్పిరిట్‌లో తడిపి తుడుస్తున్నాను. పైపై మరక పోతుంది గాని మూలల్లోని నూగు పోదు. మరలు ఊడదీసి లోపలి దాకా శుభ్రం చేద్దామని మాకు తెలిసిన ఒక కుర్రవాడు అన్నాడు, నేను వద్దన్నాను. సెల్లులు తీసివేసినా లోపలి కెపాసిటరులో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉండవచ్చు, పైగా ఒకసారి మరలు విప్పితే గ్యారంటీ కూడా పోతుంది. కొత్తలో ఈ పెద్ద పెట్టె పని చాలా బాగుంది, అటక మీద తిరిగే పెద్ద ఎలుకలు పడ్డాయి. కొన్ని నెలలు గడిచేసరికి దీపం వెలిగి కూడా పెట్టె ఖాళీగా ఉండటం, ఎర పోయి కూడా దీపం వెలగకపోవడం రెండూ జరిగాయి. ఆన్‌లైన్‌లో అమ్మిన సంస్థకు రాస్తే, వాడిన వస్తువును శుభ్రతా కారణాల వల్ల తిరిగి తీసుకోలేమని జవాబు వచ్చింది. శుభ్రం చేసుకోవడానికి వీలులేకుండా తయారైన వస్తువు విషయంలో శుభ్రతను కారణంగా చూపడం న్యాయం కాదని నా గట్టి నమ్మకం.

పెట్టెతో పాటు దాని చుట్టూ ఉన్న నేలను కూడా చూసుకోవాలి. పొడి పెంటికలను చీపురుతో ఊడ్చకూడదు, ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. ఒక వంతు బ్లీచ్ ద్రవానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వాటి మీద చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, కాగితంతో ఎత్తి పారవేసి, ఆ చోటును మళ్లీ తుడవాలి. ఈ బ్లీచ్ నీళ్లు నేలకే గాని పెట్టె పలకలకు వాడకూడదు, లోహాన్ని తినేస్తాయి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను బ్లీచ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఫినాయిలు ఘాటు ఉన్న చోట ఎర వాసన తేలిపోతుంది గనుక పెట్టె ఉంచే మూలలో ఫినాయిలు చల్లడం కూడా మానుకున్నాము.

మన వాతావరణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జూన్ నుంచి అక్టోబరు తుపానుల దాకా గాలిలో తేమ ఎక్కువ. ఈ పెట్టెలు పొడిగా ఉండే ఇంటిలోపలి చోట్ల కోసం చేసినవి. వసారాలో, పెరటి కొట్టంలో, కారే పెంకుటింటి చూరు కింద పెడితే పలకల మీద చెమ్మ పట్టి ఊరికే షాక్ ఇస్తాయి. వానాకాలంలో మా పెట్టెను బియ్యం గదిలో ఒక చెక్క మీద ఉంచుతాము, నేల చెమ్మ తగలకుండా. సెల్లుల విషయంలో ఆల్కలైన్ రకమే వేయాలి. చవకగా దొరికే మామూలు సెల్లులు పెద్ద షాక్ ఇవ్వవలసినప్పుడు నీరసిస్తాయి. మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులే కనుక నాలుగూ కలిసి 4.8 వోల్టులకు మించవు, ఎర్రదీపం త్వరగా వెలుగుతుంది. నెలల తరబడి వాడకుండా సెల్లులు లోపలే వదిలేస్తే కారి, కొసల వద్ద తెల్లని పొడి పేరుకుంటుంది. దూదిని వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కొద్దిగా తడిపి తుడిచి, బాగా ఆరనిస్తే ఆ పొడి పోతుంది; వేళ్లతో గోకకూడదు.

భద్రత సంగతి కూడా రాయకుండా ఉండలేను. మంచి పెట్టెకు మూత తెరవగానే విద్యుత్తు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అది లేని పెట్టె ఎంత చవకైనా కొనకూడదు. ఉన్నా సరే, పనిచేస్తున్నదో లేదో చూద్దామని వేలు పెట్టకూడదు. సెల్లుల పెట్టె ఇచ్చే షాక్ పెద్దవారికి ప్రాణాంతకం కాకపోయినా గట్టిగానే తగులుతుంది. పాకే పిల్లలు, పిల్లికూనలు చేరే చోట ఉంచనే కూడదు. ఇంతకంటే ముఖ్యమైన మాట మరొకటి ఉంది. ఈ పెట్టె ఖరీదు ఎందుకని కొందరు ఇంటి కరెంటు తీగను నేరుగా రేకు ముక్కకు తగిలించి ఎలుకల కోసం, పందికొక్కుల కోసం పెడుతుంటారు. 230 వోల్టుల ఆ తీగ ఎలుకకూ మనిషికీ తేడా చూడదు, దానిని తాకినవారు విడిపించుకోలేక ప్రాణాలు పోగొట్టుకుంటారు. సెల్లుల పెట్టెలో శక్తి పరిమితం, షాక్ పెట్టె లోపలికే పరిమితం. నేరు తీగకు అలాంటి హద్దు లేదు. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు.

ధర విషయానికి వస్తే, చిన్న పెట్టె మాకు రెండు వేల రూపాయలకు కొంచెం తక్కువలో వచ్చింది, పెద్దది దాదాపు రెట్టింపు. ఇనుప బోనుతో పోలిస్తే ఇది ఎక్కువే. కాని ఏడాది ధాన్యాన్ని ఇంట్లో ఉంచుకునేవారికి, పిల్లలున్న ఇంట్లో విషం పెట్టడం ఇష్టం లేనివారికి, చిట్టెలుకలే సమస్య అయినవారికి చిన్న పెట్టెను నేను నిస్సంకోచంగా సూచిస్తాను. ఒక చిట్టెలుక మూడు వారాల్లో ఈని, ఐదారు పిల్లలను కంటుంది, ఆ పిల్లలు నెలన్నరకే ఎదకు వస్తాయి. మొదట్లోనే నాలుగైదింటిని పట్టగలిగితే ఆ గుణకారం ఆగుతుంది. దానితో పాటు కిటికీ మూలల్లో, గొట్టాలు గోడలోంచి వచ్చే చోట పెన్సిల్ దూరేంత కన్నం కూడా లేకుండా స్టీలు పీచు కుక్కి సిమెంటు పెట్టించాలి, లేకపోతే పెట్టె ఎప్పటికీ పనిలోనే ఉంటుంది. పెద్ద పెట్టెను మాత్రం, మేము కొన్న నిర్మాణంలో అయితే, నేను సూచించలేను. పందికొక్కు తిరిగే ఇంటికి అసలే పనికిరాదు, అది దానిలో పట్టనే పట్టదు.

ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక హార్డ్‌వేర్ దుకాణంలో ఈ మధ్య ఇవి కళ్లెదుట పెట్టి అమ్ముతున్నారు. ఆ దుకాణదారు అడగగానే అట్టపెట్టె విప్పి, మూత తీసి, సెల్లులు వేసి దీపం వెలిగించి చూపించాడు. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనడం కంటే ఇలా కొనడం మేలు. కొనేవారు లోపలి గది విడివడి వస్తుందా, చివరి పలక దాకా చేయి పోతుందా, మూత తెరిస్తే దీపం ఆరుతుందా అని అక్కడే చూసుకోవాలి. లోపలి గది ఒక్కటే విడిగా కూడా దొరుకుతుందా అని అడగాలి; రెండు గదులుంటే ఒకటి ఆరుతుండగా రెండోది వాడుకోవచ్చు. మా చిన్న పెట్టెకు అది విడిగా దొరకలేదు, అందుచేత కడిగిన రోజు రాత్రి పెట్టె ఖాళీగానే ఉంటోంది.